కంట్లో వేసుకునే పంచదార

నా కళ్ళు ఎండిపోతున్నాయని మొదట కనిపెట్టింది అక్క. డాక్టరు కాదు, నేనూ కాదు.

ఆ ఆదివారం నేను అక్క వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇంటికీ సముద్రానికీ మధ్య ఇసుక తప్ప ఏమీ ఉండదు. పెరట్లో కట్టెల పొయ్యి మీద నెత్తళ్ళ చేపలు వేగుతున్నాయి. నేను పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. అక్క చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి ఆగిపోయింది. పొగంతా నీ మీదికే వస్తోంది, నాలుగు ఉల్లిపాయలు కోశావు, నీ కళ్ళలో చెమ్మయినా లేదేమిటని అడిగింది. అలవాటైపోయి ఉంటుందన్నాను. కొన్ని నెలలుగా కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతున్న సంగతి, పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అక్షరాలు అలుక్కుపోతున్న సంగతి చెప్పలేదు. అక్క నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. చేప తాజాదో కాదో తేల్చేటప్పుడు మొప్ప ఎత్తి ఎంత శ్రద్ధగా చూస్తుందో, నా కళ్ళలోకి అంత శ్రద్ధగా చూసింది.

"ఒలే, నీ కళ్ళు బాగునేవు. మంగళారం నాను వస్తాను. డాక్టరు కాడికి పోదాం."

అక్క నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాకు గుర్తున్నంతవరకు జడ వేసిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, బడి దాకా నడిపించిందీ అక్కే. పెళ్ళయి అదే ఊళ్ళో నాలుగిళ్ళ అవతలికి వెళ్ళినప్పుడు నన్నూ తనతోనే తీసుకుపోయింది. తను బడి మొహం చూడలేదు. ఒడ్డున చేపలకు ఉప్పు పట్టించి, ఇసుక మీద వలలు పరిచి ఎండబెట్టి, గోనెల్లో కట్టి సంతలకు తీసుకెళ్ళేది. పాతపట్నం సంతకు ఒడిశా వైపు నుంచి జనం వస్తారు. వాళ్ళు ఎండు చేపను సుఖువా అంటారు. అక్క ఆ ఒక్క మాటతో మొదలుపెట్టి, బేరానికి సరిపడా ఒడియా నేర్చేసుకుంది. నేను ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి చీపురుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో చేరిన వారం, సంతలో తన దగ్గర కొన్న ప్రతి మనిషికీ గుప్పెడు నెత్తళ్ళు ఎక్కువ వేసిందట. ఆ మాట తను చెప్పలేదు, పక్కన కూర్చునే ఉల్లిపాయలావిడ చెప్పింది.

బావ చాలా ముందే పోయాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పాప అనే పిలుస్తాం. పెళ్ళయి శ్రీకాకుళంలో చిన్న బ్యూటీ పార్లరు నడుపుతోంది. నాకూ మా ఆయనకూ పిల్లలు లేరు. అందుకని ఆ పిల్ల సెలవులన్నీ మా ఇంట్లోనే గడిచేవి.

మంగళవారం అక్క అన్నట్టే వచ్చింది. విజయనగరంలో కంటి డాక్టరు నా కింది రెప్ప లాగి సన్నని కాగితపు ముక్క ఒకటి అంచున తగిలించి కళ్ళు మూసుకోమంది. కన్నీరు ఎంత ఊరుతుందో కొలిచే కాగితమది. ఐదు నిమిషాల తర్వాత తీసి చూస్తే గోరు మందం కూడా తడవలేదు. ఆమె నా కీళ్ళ నొప్పుల గురించీ, నోరు ఎండిపోవడం గురించీ అడిగి రక్తపరీక్ష రాసింది. ఒంట్లో తడి ఊరే చోట్ల మీద ఒళ్ళే దాడి చేసుకునే జబ్బు ఒకటి ఉందనీ, అది ప్రాణం మీదికి తెచ్చేది కాదు గాని పోయేదీ కాదనీ తర్వాత వారం మళ్ళీ ఇద్దరం వెళ్ళినప్పుడు తేల్చి చెప్పింది. రోజుకు ఐదారుసార్లు వేసుకోవడానికి చుక్కల మందు ఇచ్చింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ డబ్బా మీది చిన్న అక్షరాలు చదివాను. అందులో ట్రెహలోజ్ అని ఉంది. ఎమ్మెస్సీలో ఒక్క వరుసలో దాటేసిన పేరు. పాఠం అయిపోయాక ఎప్పుడూ తలుచుకున్న పాపాన పోలేదు. అక్కకు చెప్పాను, ఇందులో ఉన్నది ఒక రకం పంచదార అని. అక్క అప్పటికే ఏడెనిమిదేళ్ళుగా సుగరు మాత్రలు మింగుతోంది.

"పంచదార కంట్లో ఏసుకుంటారేటే? నాకు ఒంట్లో ఉన్నది సాలదా, నువ్వు కంట్లో ఎక్కించుకుంటావా?"

ఎదుటి సీట్లో వాళ్ళు నవ్వారు. నేను తగ్గు గొంతుతో వివరించాను. ఇందులో రెండు గ్లూకోజులు కలిసి ఉంటాయి. ఇంకో పదార్థంతో కలబడడానికి వీలుండే కొసలు రెండూ ఒకదానికొకటి ముడిపడిపోయి ఉంటాయి. అందుకే వేడికీ పులుపుకీ తొందరగా చెడదు, దేని జోలికీ పోదు. కొన్ని సూక్ష్మమైన పురుగులు, కొన్ని మొక్కలు నీళ్ళు లేక పూర్తిగా ఎండిపోయినా చావవు. వాటి ఒంట్లో ఈ పంచదార నీటి బదులు నిలబడి, లోపల ఉన్నవన్నీ కూలిపోకుండా పట్టి ఉంచుతుంది. మళ్ళీ తడి తగిలితే లేచి కదులుతాయి. నా కంటి పొరను కూడా ఎండిపోకుండా అలాగే కాపాడుతుందని వేస్తున్నారు.

అక్క ఆ డబ్బా తీసుకుని తిప్పి చూసింది. ఆమె జీవితమంతా ఎండబెట్టడంతోనే గడిచింది. ఎండడం అంటే ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"అయితే నా నెత్తళ్ళకి బతికున్నప్పుడే ఇది పెట్టుంటే, కొన్నోలు గిన్నిలో నీళ్ళేసి నానబెట్టగానే ఈదేసేవేటి?"

చీపురుపల్లి స్టేషను వచ్చేవరకు నవ్వుతూనే ఉన్నాను. నవ్వితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి నాకు ఒకప్పుడు. ఆ రోజు తిరగలేదు.

ఆ తర్వాత ఆదివారం ఆదివారం ఫోన్లో అక్క ఆ పంచదార గురించి ఒక ప్రశ్న వేసేది. పేరు పలకలేక ట్రాలీసు అనేది. నీ ట్రాలీసు ఇంకెందులో ఉంటాదని అడిగేది. నేను వెతికి చెప్పేదాన్ని. మంచులో పెట్టి పై దేశాలకు పంపే చేప ముద్దల్లో, రొయ్యల్లో, కరిగించాక కండ పిండి పిండి కాకుండా కలుపుతారంటే, మరి ఆళ్ళకి ఉప్పు దొరకదేటి అంది. ముఖానికి రాసుకునే క్రీముల్లో చర్మం తడి పోకుండా వేస్తారంటే, ఆ సంగతి పాపకి సెప్పు అంది. నా కాలేజీ పిల్లలెవరూ నన్నంత ప్రశ్నలు అడగలేదు.

రెండేళ్ళు అలా గడిచాక అక్క రొమ్ములో గడ్డ కనపడింది. కనపడిందని నాకు తెలిసేసరికి మూడు నెలలైంది. సంతల రోజులు పోతాయని దాచింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. జుట్టు ఊడిపోయే మందులు ఎక్కించారు. ఆ తర్వాత మూడు వారాలకొకసారి ఒక సూదిమందు ఏడాది పాటు రాశారు. నేను కాలేజీలో సెలవు పెట్టి ప్రతిసారీ వెంట వెళ్ళేదాన్ని. పాప పార్లరు వదిలి వీలున్నప్పుడు వచ్చేది.

ఆ మందు పొడి రూపంలో చిన్న గాజు సీసాలో ఉండేది. నర్సమ్మ అందులోకి నీళ్ళు ఎక్కించి, ఊపకుండా, రెండు వేళ్ళతో సీసాను మెల్లగా తిప్పుతూ కరిగించేది. ఎందుకలా అని అడిగితే, ఊపితే నురగ వచ్చి మందు పాడవుతుందని చెప్పింది. పెట్టెలోని కాగితం అడిగి తీసుకుని చదివాను. అసలు మందు ఒక ప్రోటీను. దాన్ని ఎండబెట్టి పొడి చేసినా ఆకారం చెదరకుండా ఉండడానికి తోడుగా కలిపిన వాటిలో ట్రెహలోజ్ ఉంది.

ఆ పేరు రెండుసార్లు చదివాను. తర్వాత అక్కకు చెప్పాను. మంచం మీద పడుకుని, మందు చుక్క చుక్కగా దిగుతున్న గొట్టం వైపు చూస్తున్న అక్క నా వైపు తిరిగింది.

"నీ కంట్లోదీ నా నరంలోదీ ఒకటేనా?"

ఒకటే అన్నాను. అక్క ముఖంలో అంత సంబరం ఆపరేషను తర్వాత అదే మొదటిసారి చూడడం. నర్సమ్మను పిలిచి, తనకు సుగరు ఉంది కదా, ఫరవానేదా అని అడిగింది. అది చాలా తక్కువలే అమ్మా అని ఆమె చెప్పింది. అప్పటినుంచి ఆ వార్డులో పక్క మంచం మీదికి ఎవరు వచ్చినా అక్క మొదట చెప్పే మాట అదే. నా చెల్లి కెమిస్ట్రీ టీచరు, దాని కంట్లో వేసుకునేదీ నా సూదిలో ఉండేదీ ఒకే పంచదార అని. వాళ్ళకు అర్థమైందో లేదో చూసుకునేది కాదు.

ఒకసారి సూదిమందు అయ్యాక బస్సు ఎక్కే ముందు విశాఖలో ఒక పెద్ద దుకాణంలోకి వెళ్ళాం. అక్కడ అద్దాల పెట్టెలో బియ్యప్పిండితో చేసిన విదేశీ మిఠాయి ఉంది, తెల్లగా గుండ్రంగా. మెత్తగా ఉండిపోవడానికి వేసిన వాటిలో ట్రెహలోజ్ పేరు చుట్టిన కాగితం మీద రాసి ఉంది. చూసి అక్కకు చూపించాను. ఇది కూడా పంచదారే, తీపి తక్కువైనా కడుపులోకి పోయాక గ్లూకోజే అవుతుంది, నువ్వు తినకూడదు అన్నాను. వినకుండా ఒకటి కొని, సగం తుంచి నోట్లో వేసుకుంది. వారం అయినా గట్టిపడదట అన్నాను. అరిసె వానలో తడిస్తే ఇలాగే ఉంటుందని, గట్టిపడని అరిసె అరిసె ఎలాగవుతుందని తేల్చేసింది. మిగిలిన సగం నాకు పెట్టింది. నా నోరు ఎండిపోయి ఉంటుందని తెలుసు కాబట్టి, నీళ్ళ సీసా మూత కూడా తీసి చేతికి ఇచ్చింది.

ఆ ఏడాది బాగానే గడిచింది. తర్వాత ఇంకో ఏడాది సంతకు కూడా వెళ్ళింది. ఆ పైన జబ్బు కాలేయానికి పాకింది. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. చివరి పది రోజులు నేనూ పాపా పక్కనే ఉన్నాం. ఒక పగటి పూట, పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు, అక్క పోయింది.

మా వాళ్ళలో ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. చనిపోయిన మనిషి చేసినవన్నీ ఒక్కొక్కటీ తలుచుకుంటూ, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. ఆ రోజు అక్క గురించి వాళ్ళు ఏడ్చిన మాటల్లో సగం నా గురించే. తల్లి లేని చెల్లిని పెంచావు, తట్ట మోసి చదివించావు అని. అందరూ నన్ను చూశారు. నేను అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. ఛాతీలో రాయి పెట్టినట్టుంది, కళ్ళు నిప్పుల్లా మండుతున్నాయి. ఒక్క చుక్క రాలేదు.

ఎవరో అన్నారు, చదువుకున్నవాళ్ళకు ఏడుపు రాదని. పాప విన్నది. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. పొద్దుట నుంచి ఏడ్చి దాని కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"పిన్నీ, నిన్ను పెంచింది మాయమ్మ. ఒక్క సుక్కయినా రాలనేదేటి నీకు?"

సమాధానం చెప్పొచ్చు. అంతమందిలో, అక్క అలా పడుకుని ఉండగా, నా జబ్బు గురించి చెప్పడానికి నోరు రాలేదు. చుక్కల మందు నా సంచిలోనే ఉంది. లోపలి గదిలోకి వెళ్ళి తీశాను. రెండు కళ్ళలో నాలుగేసి చుక్కలు వేసుకుని బయటికి వస్తే బుగ్గల మీదికి కారుతుంది. అందరూ చూస్తారు, పాపా చూస్తుంది. మూత తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అక్క ముందు ఆ అబద్ధం ఆడడం ఇష్టం లేక మూత పెట్టేశాను. కళ్ళు మండుతుంటే మండనిచ్చాను. సాయంత్రం దాకా వేసుకోలేదు.

దినాలు అయ్యాక పాప నాతో మాట్లాడలేదు. నేను రెండుసార్లు ఫోను చేశాను, పనిలో ఉన్నానని పెట్టేసింది. దాని తప్పు అనుకోలేదు. దానికి తెలిసిందల్లా పిన్నికి కళ్ళ మంట, చుక్కల మందు వేసుకుంటుందనే. కన్నీళ్ళు ఊరవని మేమెవరమూ విడమరచి చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతని అక్కా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆదివారాలు గడవడం కష్టమయ్యేది. అక్క ఫోను చేసే వేళకు నేను వంటగదిలో ఉన్నా, బట్టలు ఆరేస్తున్నా, చెవి హాల్లోకి పోయేది. ఏదైనా కొత్త సంగతి చదివితే ఇది అక్కకు చెప్పాలి అనుకుని, తర్వాత గుర్తు తెచ్చుకునేదాన్ని. టీకాల మందుల్లో కూడా ఈ పంచదార వాడి మంచు పెట్టె లేకుండా నిలవ ఉంచాలని ప్రయత్నిస్తున్నారని చదివిన రోజు, ఆమె ఏమని ఉండేదో ఊహించడానికి ప్రయత్నించాను. ఊహకు అందలేదు. అక్క ఎప్పుడూ నేను అనుకున్న మాట అనేది కాదు. ఏడవగలిగితే ఈ బరువు కొంచెం తగ్గేదేమో అనిపించేది. మా ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరేవాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఏడుపు రానివాళ్ళను ఊరుకోమనడం ఎలాగో ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం కాలేజీలో ఉండగా పాప ఫోను చేసింది. పలకరింపులేమీ లేవు. పార్లరుకు కొత్త క్రీము ఒకటి అమ్మకానికి వచ్చిందట. కస్టమర్లకు చెప్పాలి కాబట్టి డబ్బా మీద ఉన్నవన్నీ కూడబలుక్కుని చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయిందట.

"ట్రెహలోజ్ అని ఉన్నాది పిన్నీ. అమ్మ ట్రాలీసు అనీది, అదేనా ఇది?"

అదే అన్నాను. ఇది ముఖానికి ఎందుకని అడిగింది. చర్మంలో తడి ఆరిపోకుండా పట్టి ఉంచడానికన్నాను. మరి నీ కంట్లోకి ఎందుకు అని అడిగింది. అప్పుడు చెప్పాను. కాగితపు ముక్క సంగతి, అది తడవని సంగతి, ఉల్లిపాయలు కోసినా నవ్వినా నీళ్ళు రాని సంగతి. అక్క పోయిన రోజు లోపలి గదిలో మూత తీసి మళ్ళీ పెట్టేసిన సంగతి కూడా చెప్పాను.  పార్లరులో ఫ్యాను చప్పుడు ఒకటే వినిపించింది.

"నాకెందుకు సెప్పనేదు పిన్నీ?"

ఇప్పుడు చెప్పాను కదా అన్నాను. ఫోను పెట్టేసింది. ఆ ఆదివారం మొదటి రైలుకు చీపురుపల్లి వచ్చింది. గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను దాని తల నిమిరాను. తర్వాత నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, పార్లరులో చేసినట్టే ముఖమంతా మెత్తటి గుడ్డతో తుడిచి, రెప్ప ఎత్తి చుక్కలు తనే వేసింది. ఒక్క చుక్క బయటికి పోలేదు. పనిచేసే చెయ్యి. అక్కది కూడా అలాగే ఉండేది.

అక్కవి ఇంకా కొన్ని గోనెలు, తక్కెడ సంతలో ఎవరి దగ్గరో ఉండిపోయాయని పాపే గుర్తుచేసింది. రెండు వారాల తర్వాత ఇద్దరం పాతపట్నం వెళ్ళాం. అక్క కూర్చునే చోట ఇప్పుడు ఎవరో ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుని అమ్ముతున్నారు. ఉల్లిపాయలావిడ మమ్మల్ని గుర్తుపట్టి గోనెలు, తక్కెడ తెచ్చి ఇచ్చింది. ఇంతలో ఒడిశా నుంచి వచ్చే ముసలామె ఒకామె ఖాళీ సంచితో అటు వచ్చింది. ఏళ్ళ తరబడి అక్క దగ్గరే సుఖువా కొన్నదట. కొన్ని నెలలుగా వచ్చి చూసి పోతోందట. సుఖువా అమ్మ ఎక్కడని అడిగింది. పాప చెప్పింది. ముసలామె అక్కడే నేల మీద కూర్చుండిపోయి ముఖం కప్పుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, అలా నిలబడి చూస్తున్న నన్ను చూపించి, ఈవిడెవరని అడిగింది.

పాప వచ్చీరాని ఒడియాలో కొంత, మన భాషలో కొంత కలిపి చెప్పింది.

"మాయమ్మ సెల్లి. ఈవిడకి జబ్బు, కన్నీళ్ళు రావు. ఏడస్తన్నాది, నీకు కనపడదు అంతే."

ముసలామె లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అంది, నాకు అర్థం కాలేదు. పాపను అడగలేదు.

తిరుగు బస్సులో గోనెలు కాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాం. పాప పొద్దున్నే బయల్దేరి అలిసిపోయింది, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కిటికీ గాలికి నా కళ్ళు మండడం మొదలైంది. మందు సంచిలో ఉంది, సంచి అవతలి చేతి వైపు ఉంది. కదిలితే లేస్తుందని కదలలేదు. నన్ను బడికి నడిపించిన రోజుల్లో అక్కకు ఇప్పటి పాపకన్నా తక్కువ వయసే. నిద్రపోతున్న పాప ముఖం అచ్చం అక్క ముఖమని ఉల్లిపాయలావిడ అయితే అని ఉండేది. నాకు తెలియదు. ఆ వయసులో అక్క నిద్రపోతుండగా నేనెప్పుడూ చూడలేదు. నేను లేచేసరికి ఆమె ఒడ్డున ఉండేది, నేను పడుకున్నాక గాని పడుకునేది కాదు.